పరుగు మీది, మ్యాప్ మాత్రం అందరిదీ

బరువు తగ్గాలని కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ల నుంచి ఈమధ్య మెయిళ్లు ఆగకుండా వస్తున్నాయి. ఊర్లు వేరైనా గోడు ఒక్కటే: వాచీ భయపెడుతోంది, యాప్ తప్పుడు లెక్కలు చెబుతోంది. ఏ బూట్లు కొనాలి, రాత్రి అన్నం మానాలా వంటివి ఈ శీర్షిక పని కాదు. వాచీని ఫోన్‌తో జత చేయడం ఎలాగో కూడా రాయను, డబ్బాలో కాగితం ఉంటుంది. మిగిలినవి చూద్దాం.

వయసు 40, బరువు 104 కిలోలు. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక చేస్తున్నాను. పరుగు అందుకున్న అరనిమిషానికే వాచీ గుండె వేగం 168 అని చూపించి, 'గరిష్ఠం దాటింది' అంటూ వణుకుతుంది. టెన్షన్‌తో ఆగిపోతున్నాను. గుండెకు ప్రమాదమా సార్?

గుండె సంగతి డాక్టరే చెప్పాలి. నలభై ఏళ్లు, వంద కిలోలు దాటి కొత్తగా పరుగెత్తేవాళ్లు ముందు ఒకసారి బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోవడం మంచిది. ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా వాచీలో అంకె ఎంతున్నా సరే, ఆగి ఆస్పత్రికి వెళ్లాలి. నేను చెప్పగలిగింది ఆ 168 గురించే.

చేతి వాచీ గుండె చప్పుడు వినదు. చర్మంలోకి ఆకుపచ్చ లైటు వేసి, రక్తం పారుతున్నకొద్దీ తిరిగొచ్చే వెలుతురు ఎంత మారుతోందో చూసి లెక్కగడుతుంది. పట్టీ వదులుగా ఉంటే అడుగు పడినప్పుడల్లా వాచీ కదులుతుంది. ఆ కుదుపును కూడా అది నాడిగానే లెక్కేసుకోవచ్చు. పరుగులో నిమిషానికి 150 నుంచి 170 అడుగులు పడటం మామూలే కాబట్టి, మీ వాచీ గుండెను వదిలేసి కాళ్లను లెక్కబెడుతుండొచ్చు. ఈసారి వణికిన వెంటనే ఆగి మెడ దగ్గర నాడి పట్టుకోండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. వాచీకీ మీ లెక్కకూ పెద్ద తేడా ఉంటే తప్పు వాచీదే. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, జారకుండా బిగించి కట్టి మళ్లీ చూడండి. అప్పటికీ కుదరకపోతే ఛాతీకి కట్టుకునే పట్టీ తీసుకోండి. అది గుండె విద్యుత్ సంకేతాన్నే నేరుగా పట్టుకుంటుంది కాబట్టి లెక్క నమ్మొచ్చు.

'గరిష్ఠం దాటింది' అనే హెచ్చరిక వెనక ఉన్నది 220లోంచి వయసు తీసేసే పాత సూత్రం. మీకది 180 అవుతుంది. అది సగటు మాత్రమే, మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ ఉండటం సహజం. 180 దాటకుండా 168కే హెచ్చరిక వస్తోందంటే, యాప్‌లో మీ పుట్టిన సంవత్సరం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, హడావిడిలో ఏదో ఒకటి నొక్కేసినవాళ్లు చాలామంది. పక్కన పరుగెత్తే మనిషితో ఒక వాక్యం తెగకుండా మాట్లాడగలిగితే మీ వేగం సరైనదే. పరుగులో గుండె వేగం గురించి వచ్చే హెచ్చరికలన్నీ ఆపేయండి. గుండె లయ తప్పుతోందని చెప్పే హెచ్చరిక ఉంటే దాన్ని మాత్రం ఆపొద్దు.

మీరు చేస్తున్నది 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ రాసిన తొమ్మిది వారాల్లో 5 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లే 'కౌచ్ టు 5కే' ప్రణాళికలో మొదటి వారం. యాప్ రెండో వారంలోకి తోస్తే వెళ్లాలని రూలేమీ లేదు. మొదటి వారాన్నే నెల రోజులు చేయండి.

కాజీపేట నుంచి: యాప్ 45 నిమిషాలకు 610 కేలరీలు ఖర్చయినట్టు చూపిస్తోంది. దానికి తగ్గట్టే టిఫిన్ పెంచాను. నెలలో రెండు కిలోలు పెరిగాను.

పెరగరా మరి! 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల చేతి పరికరాలను 60 మంది మీద పరీక్షించారు. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు ఫర్వాలేదనిపించాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నీ తప్పాయి. అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తేడా చూపింది, అధ్వానమైనది 93 శాతం. మీరు కూర్చున్నా ఖర్చయ్యే కేలరీలను కూడా కొన్ని యాప్‌లు పరుగు ఖాతాలోనే కలిపేస్తాయి. ఆ అంకె చూసి పూరీలు లెక్కబెట్టుకోవద్దు. ఇంకోమాట, బరువు గడిలో నిజం రాయండి. యాప్ దగ్గర కూడా పది కిలోలు దాచేవాళ్లున్నారు, ఎవరి కోసమో నాకర్థం కాదు.

కరీంనగర్ నుంచి ఒక టీచర్: మానేరు డ్యామ్ కట్ట మీద కొంత నడక, కొంత పరుగు చేస్తున్నాను. లావుగా ఉన్నానని నలుగురూ చూడకుండా పొద్దున ఐదున్నరకే వెళ్తాను. నిన్న యాప్‌లో ఎవరో తెలియని వ్యక్తి 'ఈరోజు లేటయిందే మేడం' అని కామెంట్ పెట్టాడు. యాప్ తీసేస్తే సరిపోతుందా?

సరిపోదమ్మా. ఈసారి వచ్చిన మెయిళ్లన్నిటిలో నన్ను నిజంగా కంగారుపెట్టింది మీదే. యాప్ తీసేస్తే మీ ఫోన్‌లోంచి బొమ్మ పోతుంది, అంతే. మీ అకౌంట్, ఇన్నాళ్ల మ్యాపులు కంపెనీ సర్వర్‌లో అలాగే ఉంటాయి, అతనికి కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి ఇప్పుడే తీయకండి.

మొదట ఆ కామెంట్‌కు, అతని ప్రొఫైల్‌కు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. తర్వాత ప్రైవసీ సెట్టింగ్స్‌లో ప్రొఫైల్‌ను, పరుగు రికార్డులను 'నాకు మాత్రమే' అని మార్చండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఎన్నో యాప్‌లలో ఆ మార్పు రేపటి పరుగు నుంచే వర్తిస్తుంది. పాతవన్నీ బహిరంగంగానే మిగిలిపోతాయి. పాత రికార్డులను మార్చే ఆప్షన్ వేరే చోట ఉంటుంది, వెతికి అదీ మార్చండి. ఆ తర్వాతే అతన్ని బ్లాక్ చేయండి. అసలు ఆ యాపే వద్దనుకుంటే, లోపల 'డిలీట్ అకౌంట్' నొక్కి, అది పూర్తయ్యాకే ఫోన్‌లోంచి తీసేయండి.

అతనికి ఏమేం తెలిసిందో ఒకసారి చూడండి. రికార్డింగ్ మీ గుమ్మం దగ్గర మొదలైతే ఇల్లు తెలిసింది. ఏ రోజుల్లో వస్తారో, ఎన్నింటికి వస్తారో, ఎక్కడ అలసిపోయి నడకలోకి దిగుతారో, కట్ట మీద ఎక్కడ ఆగి నీళ్లు తాగుతారో కూడా తెలిసింది. ఒక్కరోజు మ్యాప్‌తో ఎవరూ ఏమీ చేయలేరు. రెండు వారాల మ్యాపులంటే మీ టైమ్‌టేబుల్ అతని చేతికిచ్చినట్టే. సైనికులే దీన్ని పసిగట్టలేకపోయారు. 2018 జనవరిలో ఒక పేరున్న పరుగు యాప్ ప్రపంచ పటంలో, ఎడారుల మధ్య సైనిక స్థావరాల లోపలి దారులు వెలుగుతూ కనిపించాయి. అక్కడ జాగింగ్ చేసిన జవాన్ల వాచీలు గీసిన గీతలే అవి.

ఇంటి చుట్టూ కొంత మేర మ్యాప్‌ను దాచే సౌకర్యం కొన్ని యాప్‌లలో ఉంటుంది. దాన్ని ఆన్ చేసుకోండి, కానీ దాని మీదే భరోసా పెట్టుకోవద్దు. ఇల్లు నడిమధ్యన ఉండేలా వృత్తం గీసి దాస్తే, మీరు రోజుకో దిక్కుకు వెళ్లినప్పుడు గీతలు ఎక్కడెక్కడ తెగుతున్నాయో చూసి ఆ నడిమధ్య ఎక్కడుందో గుర్తుపట్టొచ్చు. పెద్ద చదువేమీ అక్కర్లేదు, పదో తరగతి జామెట్రీ చాలు. అంతకంటే తేలికైన దారి ఒకటుంది. రికార్డింగ్ ఇంటి దగ్గర కాకుండా కట్ట ఎక్కాకే మొదలుపెట్టండి, కట్ట దిగకముందే ఆపేయండి.

ఇంకో చిల్లు కూడా ఉంది. వాచీ యాప్ ఒకటి, పరుగు యాప్ ఇంకోటి ఉండి రెండూ కలిపి ఉంటే, ఒకదాంట్లో దాచింది రెండోదాంట్లో బయట ఉండొచ్చు. రెండు చోట్లా చూడండి. మీ చుట్టుపక్కల ఎవరు ఎంత వేగంగా పరుగెత్తారో యాప్ చూపించే స్థానిక పోటీ పట్టికలోంచీ పేరు తీసేయండి. అందులో ఉండేది ఎవరు? 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టినట్టు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలని ప్రాణం పెట్టి ఉరికే పిల్లలు. వాళ్ల కింద మీ పేరు, ఫొటో వేలాడదీయడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. లైవ్ లొకేషన్ మాత్రం మంచిదే, ఇంట్లో ఒక్కరికే పంపండి. ఫ్యామిలీ గ్రూపులో వేస్తే ఆ లింకు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

అతను మళ్లీ కామెంట్ పెట్టినా, కట్ట మీద ఎదురుపడినా ఆలోచించకుండా పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పండి, అత్యవసరమైతే 112కు డయల్ చేయండి. స్క్రీన్‌షాట్లు అందుకే. నాలుగు రోజులు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. పరుగు మానొద్దు.

అకౌంట్ తెరవగానే అన్నీ 'అందరికీ' అని ఉంచి, దాచుకోవాలంటే నాలుగు మెనూలు దిగాల్సి వచ్చేలా యాప్ కట్టినవాళ్లకు ఇదంతా తెలియకుండా ఉండదు. జనం ఒకరి పరుగు ఒకరు చూస్తుంటే యాప్‌లో ఎక్కువసేపు ఉంటారు, వాళ్లకు కావలసింది అదే. మొదటి స్క్రీన్ మీదే 'ఎవరికి కనిపించాలి?' అని అడిగితే ఏం పోతుంది?

నక్కలగుట్ట నుంచి: హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో (జేఎన్ఎస్) ఒక చుట్టుకు యాప్ 430 మీటర్లు చూపిస్తోంది. కొన్నిసార్లు సగం పరుగు అసలు రికార్డే కాదు.

మీరున్నది 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన సింథటిక్ ట్రాక్. లోపలి లేన్‌లో చుట్టు 400 మీటర్లే. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది, మలుపుల్లో ఇంకా తడబడుతుంది. మీరు బయటి లేన్‌లో పరుగెడుతుంటే చుట్టు నిజంగానే పెద్దది. ట్రాక్ మీద చుట్లు లెక్కబెట్టుకోండి.

రెండోది ఫోన్ చేసే నిర్వాకం. బ్యాటరీ మిగల్చాలని స్క్రీన్ ఆరగానే యాప్‌ను చంపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద బ్యాటరీలోకి వెళ్లి 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి. అప్‌డేట్ వచ్చాక అది మళ్లీ మొదటికి రావచ్చు. రెండ్రోజులు అదనంగా చార్జింగ్ ఉందని గొప్ప చెప్పుకోవడానికి మన పనులన్నీ మధ్యలో ఆపేసే ఫోన్లంటే నాకు ఒళ్లు మంట.

మహబూబాబాద్ నుంచి: బరువు 112 కిలోలు. ఆన్‌లైన్‌లో '4 హెచ్‌పీ పీక్, గరిష్ఠ బరువు 110 కిలోలు' అని ఒక ట్రెడ్‌మిల్ ఉంది. రెండు కిలోలే కదా తేడా, కొనొచ్చా?

వద్దు. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం కింద పడుతుంది. 'పీక్' అంటే మోటారు క్షణకాలం ఇవ్వగలిగే బలం, చూడాల్సింది నిరంతరంగా ఎంత ఇస్తుందన్నది. అది రాయలేదంటే చెప్పుకునేంత లేదనే అర్థం.

అయినా ఈ ట్రెడ్‌మిల్ ఒక్కదాన్ని అని ఏం లాభం? బరువు తగ్గించే యంత్రమని అమ్ముతూ బరువున్నవాడు ఎక్కొద్దంటారు. వాచీ పట్టీ చివరి రంధ్రం కూడా లావుపాటి చేతికి అందదు. నెమ్మదిగా పరుగెడితే 'మీరు ఆగిపోయారు' అని యాప్ రికార్డింగ్ ఆపేస్తుంది. నడకలోకి దిగితే 'నిన్నటికంటే వెనకబడ్డారు' అని నోటిఫికేషన్. ప్రకటనలో మాత్రం పొట్ట లోపలికిపోయిన కుర్రాడు చెమట కూడా పట్టకుండా పరుగెడుతుంటాడు. వాడికి ఇవేవీ అక్కర్లేదు. అవసరమున్న మనిషి కొలతలు ఒక్కసారైనా తీసుకున్నారా వీళ్లు? ఆటో-పాజ్ ఆపేయండి, పోలికల నోటిఫికేషన్లు ఆపేయండి. ట్రెడ్‌మిల్ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కుని గ్రౌండ్‌కు వెళ్లండి.

జనగామ నుంచి: షుగర్ ఉంది. సూది గుచ్చకుండానే షుగర్ చూపించే వాచీ రెండు వేలకే వస్తోంది. పరుగుకు ముందు చూసుకోవడానికి తీసుకోనా?

తీసుకోవద్దు. రక్తంలో షుగర్‌ను గుచ్చకుండా తనంతట తానే కొలిచే వాచీని దేన్నీ ఆమోదించలేదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే గ్రౌండ్‌లోనే పడిపోతారు. ఇప్పటికే కొనేసి ఉంటే దాన్ని నీళ్ల బాటిల్‌కు చుట్టి చూడండి, బాటిల్‌కు కూడా షుగర్ చూపిస్తే షాపువాడికి తిరిగిచ్చేయండి. పరుగుకు ముందు మామూలు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. జేబులో రెండు గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి.