ఫోనులో అమ్మ అనే "ఊఁ"

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. నాన్న పోయిన ఈ రెండేళ్లుగా తణుకు దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటోంది. రోజూ ఫోన్ చేస్తాను. ఏది అడిగినా "ఊఁ" అని ఊరుకుంటుంది. చెప్పిందే చెబుతోంది, పొయ్యిమీద పాలు మరిచిపోతోంది. అరుగు మీద కబుర్లు, సాయంత్రం గుడి రెండూ మానేసింది. ఒంటరితనం వల్ల మతిమరుపు వస్తుందా? హైదరాబాద్ తెచ్చేసుకోమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఒంటరితనమే కారణమని నేరుగా చెప్పలేం గానీ, ఆ రెంటికీ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. షికాగోలోని రష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 823 మంది వృద్ధులను గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, "నాకెవరూ లేరు" అన్న భావన బాగా ఎక్కువగా ఉన్నవారికి, అది చాలా తక్కువగా ఉన్నవారి కంటే ఆల్జీమర్స్ (మతిమరుపు క్రమంగా ముదిరే మెదడు జబ్బు) ముప్పు సుమారు రెండింతలు కనిపించింది. ఆ భావన ఇంటినిండా మనుషులున్నా కలగవచ్చు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ "ఊఁ". చెవి సరిగా వినబడనివారు మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటపడి చాలాసార్లు అలాగే సరిపెట్టేస్తారు. నలుగురిలో కూర్చుంటే సగం మాటలు అందక, ఆ సగాన్ని ఊహించుకోలేక అలసిపోయి, చివరికి అరుగు దిగి ఇంట్లోకి వెళ్లిపోతారు. కబుర్లాడటమంటే వినడం, గుర్తుతెచ్చుకోవడం, మాట వెతుక్కోవడం అన్నీ ఒకేసారి జరిగే పని కనుక, అది ఆగితే మెదడుకు రోజువారీ వ్యాయామమే ఆగిపోతుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో పేర్కొన్న, డిమెన్షియాకు (ఆల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులకు) దారితీసే, మన ప్రయత్నంతో తగ్గించుకోగల 14 ముప్పుల్లో వినికిడి లోపమూ ఉంది, నలుగురికీ దూరం కావడమూ ఉంది.

కాబట్టి ముందు చెవి పరీక్ష చేయించండి. థైరాయిడ్, విటమిన్ బి12 లోపం, దిగులు జబ్బు కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి, చికిత్సకు లొంగుతాయి కూడా. తోడు పోయి రెండేళ్లయిన మనిషిలో దిగులును తేలిగ్గా తీసుకోకూడదు. పాలకు మాత్రం సమయం కాగానే దానంతటదే ఆగిపోయే ఇండక్షన్ స్టవ్ ఇప్పుడే కొనండి.

హైదరాబాద్ విషయంలో తొందరపడవద్దని నా సలహా. తెలిసిన వీధి, పేరుపెట్టి పిలిచే మనుషులు ఆమెకు ఇంకా అక్కడే ఉన్నారు. వినికిడి యంత్రం అవసరమై పెట్టించాక, ఫోనులో "తిన్నావా, మందు వేసుకున్నావా" అని ఆపేయకుండా, ఆవకాయకు కారమెంత, ఆవపిండి ఎంత అని అడిగి, ఆమె చెబుతుంటే రాసుకోండి. డాక్టరు దగ్గరికి మీరే వెంట వెళ్లండి. మరుపు ఎప్పుడు మొదలైందో, ఎలా పెరిగిందో ఆమె కంటే మీరే వివరంగా చెప్పగలరు.