మోడల్ కారు మొదలుపెట్టిన మా మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మీ మావయ్య ఆశీస్సులు.

ముక్కలు అతికించి కారు తయారుచేసుకునే టామియా కంపెనీ ప్లాస్టిక్ కిట్ తెప్పించుకున్నావని, డబ్బా విప్పి ముక్కలన్నీ మంచం మీద పరిచావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం కంటే దుప్పటి గురించి బెంగే ఎక్కువ వినిపించింది ఆవిడ గొంతులో. "ఆటోనగర్లో ఇన్నేళ్లు కార్లకి రంగులేశావు కదా, దానికి నాలుగు ముక్కలు చెప్పరా" అంది. చెబుతాను. కాకపోతే పెద్ద కార్ల మీద నేర్చిన పనిలో కొంతే నీ కారుకి అక్కరకొస్తుంది, మిగతాది దాన్ని పాడుచేస్తుంది. ఏది ఏదో విడమర్చి చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూడు. నీది 1/24 కిట్, అంటే నిజం కారులో 24వ వంతు. నాలుగు మీటర్ల కారు నీ చేతిలో 16.7 సెంటీమీటర్లు అవుతుంది. అమెరికా కంపెనీల కార్లు ఎక్కువగా 1/25లో వస్తాయి, అదే కారు అందులో 16 సెంటీమీటర్లే. అరలో పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది కాబట్టి రెండో కిట్ కొనేటప్పుడు డబ్బా మీద అంకె చూసుకో. అయినా పొడవుతో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా పెయింటు మందంతోనే. కారుని 24 వంతులు తగ్గించారు గానీ పెయింటుని ఎవరూ తగ్గించలేదు కదా! నీ బాడీ మీద మిల్లీమీటరులో పదోవంతు రంగు పేరుకుందంటే, నిజం కారు మీద 2.4 మిల్లీమీటర్ల పొర ఉన్నట్టు లెక్క. అలాంటి కారు మా షెడ్డుకొస్తే, యాక్సిడెంట్ బండికి పుట్టీ దట్టించి నీకు అంటగట్టారని ఓనరు మొహానే చెప్పేస్తాం.

డోరుకీ బాడీకీ మధ్య సందు సంగతీ ఇంతే. నిజం కారులో అది నాలుగు మిల్లీమీటర్లుంటే నీ దాంట్లో మిల్లీమీటరులో ఆరోవంతు. రంగు కింద వేసే ప్రైమరూ, రంగూ, దాని మీద మెరుపుకి వేసే క్లియరూ అన్నీ మందంగా పడ్డాయంటే ఆ గీత పూడిపోయి, కారు కాస్తా అరిగిన సబ్బుబిళ్లలా తయారవుతుంది. అందుకని ప్రైమర్ కంటే ముందే డోర్లు, బానెట్, డిక్కీ గీతల వెంట బ్లేడు వీపుతో మెల్లగా రెండు మూడు సార్లు లాగు. పదునువైపు వాడితే ప్లాస్టిక్ కోసుకుపోయి అంచులు లేస్తాయి. వీపుతో లాగితే సన్నటి పొట్టులా గీరుకుని వస్తుంది. మూలల దగ్గర ఒకే ఊపులో తిప్పకు, రెండు వైపుల నుంచి మూలకి లాగి ఆపు.

ముక్కలు కొయ్యడానికి మీ నాన్న కటింగ్ ప్లేయర్ తీసుకోవద్దు, అది తీగల కోసం. సన్నమూతి నిప్పర్ ఒకటి కొనుక్కో. ముక్కలన్నీ అంటుకుని వచ్చే ఫ్రేము నుంచి ముక్కని ఒకేసారి అంచుకంటా కొయ్యకు. ముందు కాస్త ఎడంగా కోసి విడదీసి, తర్వాత మిగిలిన బుడిపెని కొయ్యి. చేత్తో తిప్పి విరిస్తే ముక్కలోనే గుంట పడుతుంది, ఆ గుంటకి మళ్లీ పుట్టీ పని.

బాడీని గిన్నెలు కడిగే సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడుగు. అచ్చులోంచి ముక్క ఊడి రావడానికి ఫ్యాక్టరీలో నూనెలాంటిది వాడతారు. అది మిగిలితే పెయింటు పట్టదు. ఆరాక గుడ్డతో గట్టిగా తుడవొద్దు, ప్లాస్టిక్కి స్టాటిక్ పుట్టి గదిలో దుమ్మంతా దాని మీదకే వస్తుంది.

ఇప్పుడు అసలు పని. ట్యూబ్‌లైటు కింద కూర్చుని బాడీని ఏటవాలుగా పట్టుకుని చూడు. ముందు చక్రాల పైభాగంలో, టాపు అంచున, వెనకద్దం పక్కనున్న స్తంభాల మీద వెంట్రుకంత గీత కనిపిస్తుంది. అచ్చులు రెండు కలిసినచోట పడ్డ గీత అది. మొదటిసారి చేసేవాళ్లు చాలామంది దాన్ని కారు డిజైనే అనుకుని వదిలేస్తారు, పెయింటు పడ్డాక మెరిసి కనబడుతుంది. అనుమానంగా ఉంటే నిజం కారు ఫోటో పక్కన పెట్టుకుని సరిచూసుకో. గోరు అడ్డంగా జరిపి చూస్తే తగులుతుంది. 600 నంబరు వాటర్ పేపర్ చిన్న ముక్క తడిపి, గీత పొడవునా కాక అడ్డంగా నాలుగు రుద్దులు రుద్ది, తర్వాత 1000తో నునుపు చెయ్యి. పక్కనున్న అసలు బాడీ లైన్ అరిగిపోకుండా దాని మీద మాస్కింగ్ టేపు అంటించుకో. మేమూ టింకరింగ్ అయిన డోరుకి ఇంతే చేస్తాం. ఈ సగం పని పెద్ద కారుకీ చిన్న కారుకీ ఒకటే, నీళ్లు కూడా అవే. రంగు గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కువ, రంగు కిందున్న పని గురించి అడిగేవాళ్లు తక్కువ. బండి అందమంతా అక్కడే తేలిపోతుంది.

జిగురు సంగతి. కిట్లో ముక్కలు పాలీస్టైరిన్. వాటి కోసం అమ్మే పల్చటి సిమెంట్ నిజానికి అతికించదు, ప్లాస్టిక్కునే కరిగించి కలిపేస్తుంది. రెండు ముక్కలు జత చేసి పట్టుకుని సందు దగ్గర బ్రష్ తాకిస్తే చాలు, దానంతటదే లోపలికి పాకుతుంది. అయితే సందు మీద నీ వేలుందనుకో, వేలి కిందకీ పాకి వేలిముద్ర అచ్చంగా దిగిపోతుంది. వేళ్లు ఎక్కడున్నాయో చూసుకుని మరీ తాకించు. అద్దాలకి మాత్రం ఇదీ వద్దు, ఫెవిక్విక్ అసలే వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ అగ్గిపుల్ల కొనతో పెట్టు. ఆరితే కనపడదు, ఎక్కువైతే తడిగుడ్డతో పోతుంది.

ఇక మా షెడ్డు సరుకులో నువ్వు ముట్టుకోకూడనివి. మొదటిది థిన్నర్. మేం వాడే ఎన్.సి. థిన్నర్ పాలీస్టైరిన్ మీద పడితే ప్లాస్టిక్ ముడతలు పడి మెత్తబడుతుంది. మా వీధిలోనే ఒక కుర్రాడు పాత పెయింటు తీద్దామని కిట్ బాడీని థిన్నర్ డబ్బాలో ముంచి తెచ్చి చూపించాడు. తీసింది పెయింటు ఒక్కటే కాదు, హెడ్‌లైట్ల ఆకారం కూడా. మోడల్ అక్రిలిక్ రంగు తియ్యాలంటే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడు, ప్లాస్టిక్ జోలికి పోదు.

రెండోది మెటాలిక్ రంగు. కార్ల షాపుల్లో నీ కారు కోడ్ చెప్తే కలిపిస్తారు, నాకూ తెలిసిన కొట్లున్నాయి, కానీ నేనే వద్దంటున్నా. అందులో మెరిసే రేకలు నిజం కారుకి సరిపోయే సైజువి. నీ కారు మీద అవి 24 రెట్లు పెద్దగా కనపడతాయి, పెళ్లి మండపం డెకరేషన్ కారు అయిపోతుంది. మోడల్ రంగుల్లో రేకలు బాగా సన్నగా ఉంటాయి.

మూడోది టూ-కె క్లియర్, అంటే గట్టిపరిచే హార్డెనర్ కలిపి కొట్టే క్లియర్. మెరుపు బ్రహ్మాండం, కాదనను. దాని హార్డెనర్లో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. గాలి బయటికి లాగే ఏర్పాటు, సరైన మాస్కు లేకుండా ఇంట్లో కొట్టే వస్తువు కాదు. యూట్యూబ్‌లో ఎవరో కొట్టారని నువ్వు కొట్టకు.

గాలితో రంగు చిమ్మే చిన్న గన్ను, ఎయిర్‌బ్రష్, ఇప్పుడే కొననక్కర్లేదు. డబ్బా స్ప్రేతో మొదలుపెట్టు. టామియాలో టి.ఎస్. అని ఉన్నవి నీ బాడీకి. పి.ఎస్. అని ఉన్నవి రిమోట్ కార్ల పాలీకార్బనేట్ బాడీలకి, పొరపాటున అవి తెప్పించుకోకు. స్ప్రే డబ్బాల్ని మామూలు పార్సిల్ కింద విమానం ఎక్కించరు, రోడ్డు మీద నెమ్మదిగా వస్తాయి. రేపు కావాలని ఈరోజు ఆర్డర్ పెడితే టెన్షన్ తప్ప డబ్బా రాదు. మొదటి కారుకి నలుపు వద్దు, చిన్న గీత కూడా దాచదు. మామూలు ఎరుపో నీలమో ఎంచుకో. ఎరుపైతే కింద తెల్ల ప్రైమర్ వేస్తే వెలిగినట్టుంటుంది, బూడిద ప్రైమర్ వేస్తే ముదురుగా వస్తుంది. రెండూ ప్లాస్టిక్ స్పూన్ల వీపు మీద కొట్టి చూసుకుని, నచ్చినదే బాడీ మీద వెయ్యి.

మన గుంటూరు, బెజవాడ ఎండలు నీకు తెలియనివి కావు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండకి స్ప్రేలో రంగు బాడీ మీద పడేలోపే సగం ఆరి గరుకుగా దిగుతుంది. కిట్ డబ్బాని డాబా మీద ఎండలో వదిలేసినా సన్నటి ముక్కలు వంగిపోతాయి. వానాకాలంలో ఇంకో తంటా. గాల్లో చెమ్మ ఎక్కువుంటే లాకర్ రంగు (టి.ఎస్. డబ్బాల్లో ఉండే రకం) ఆరుతూ ఆరుతూ తెల్లగా పాలిపోతుంది. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి రోజులు, పొద్దున మంచు విడిచి ఎండ వచ్చాక కొట్టు. ముసురు పట్టిన రోజున బాడీ పక్కన పెట్టేసి సీట్లు, డాష్‌బోర్డు బ్రష్‌తో వేసుకో.

డాబా మీద పెద్ద అట్టపెట్టె పక్కకి పడుకోబెట్టి, అందులో బాడీని ఒక సీసా మీద నిలబెట్టి కొట్టు. గాలి వీచే రోజు వద్దు. చుట్టూ నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు, మా షెడ్డులోనూ ముందు చేసే పని అదే. డబ్బాని నిమిషం పైనే ఊపు. బాడీకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకో. నొక్కడం బాడీ బయటే మొదలవ్వాలి, వదలడం బయటికి వెళ్లాకే. బాడీ మీద చెయ్యి ఆగిందో, అక్కడ పెయింటు కారుతుంది. మొదటి కోటింగుకి కింద ప్రైమర్ కనపడుతూనే ఉండాలి. దాన్ని చూసి బాలేదని ఇంకాస్త కొట్టాలనిపిస్తుంది, అప్పుడే డబ్బా కింద పెట్టి కిందికెళ్లి టీ తాగి రా. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి కాస్త తడిగా మూడోది. బంపర్లు, అద్దాల తొడుగులు కూడా బాడీతో పాటే, కారుకి ఎలా బిగుస్తాయో అదే వాటంలో పెట్టి కొట్టు. మెటాలిక్ అయితే ఇది మరీ ముఖ్యం, లేకపోతే బంపర్ ఒక రంగు, బాడీ ఒక రంగు అయి ఎవరిదో బండి నుంచి ఊడదీసి పెట్టినట్టుంటుంది.

ఆరిందా లేదా అని వేలు పెట్టి చూడకు, ముక్కు పెట్టి చూడు. పెయింటు వాసన వస్తున్నంతకాలం లోపల ఇంకా ఆరుతూనే ఉంది. ప్లాస్టిక్ టబ్ కాస్త సందిచ్చి బోర్లించి, వారం పాటు దాని జోలికి వెళ్లకు. ఆ తర్వాత ఆరెంజ్ పీల్, అంటే నారింజ తొక్కలాంటి గరుకు, ఉంటే 2000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లల్లో తేలిగ్గా రుద్ది, సన్నటి పాలిష్ పెట్టు. బానెట్ అంచులు, చక్రాల ఆర్చీలు, డోరు గీతల పక్కన మాత్రం రుద్దొద్దు. రంగు అంచుల మీద పలచగా నిలుస్తుంది, రెండు రుద్దులకే కింద ప్రైమర్ బయటపడుతుంది. అంచుల మీద టేపు వేసి చదునుగా ఉన్నచోట పని కానిచ్చి, చివర్లో టేపు తీసి గుడ్డతో ఒక్కసారి తుడిచి వదిలెయ్.

మిగతావి చిన్నవే. డోరు గీతల్లో నల్లరంగు నింపుతారు కొందరు, లేతరంగు కారుకి అది కార్టూన్ బొమ్మలా ఉంటుంది, బూడిదరంగు చాలు. టైర్ల మధ్యలో అచ్చు గీతని వాటర్ పేపర్‌తో తీసేస్తే ఆ కొత్త మెరుపు కూడా పోయి రోడ్డు మీద తిరిగిన టైరులా కనిపిస్తుంది. స్టిక్కర్లని నీళ్లలో నానబెట్టి జార్చాలే గానీ గోరుతో లాగొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. స్ప్రే కొట్టేటప్పుడు గుడ్డ మాస్కు పనికిరాదు, రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు హార్డ్‌వేర్ కొట్లో అడుగు. మీ అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టిన వేళ, వంటింట్లో స్టవ్ వెలుగుతున్న వేళ ఇంట్లో డబ్బా మూత తియ్యకు. నిప్పు అంటుకుందంటే దుప్పటి మరకల గురించి ఎవరూ మాట్లాడరు.

ప్రైమర్ వరకూ నువ్వే చేసి, రంగు వెయ్యకముందు ఆ బాడీ ఒక్కటి అట్టపెట్టెలో పెట్టుకుని ఏదన్నా ఆదివారం పొద్దున్నే బస్సెక్కు. ఆదివారం మా షెడ్డు మూసే ఉంటుంది కాబట్టి దుమ్ము ఉండదు. బయట ఎండలో నిలబెట్టి గీతలన్నీ ఇద్దరం చూద్దాం. స్పూన్లు కూడా తీసుకురా, రంగు ఏదో తేల్చుకుందాం. మీ అత్తయ్య ఆ రోజు పెసరట్టు వేస్తానంది, పదిలోపు వస్తే వేడిగా ఉంటాయి.

ఇట్లు,
మీ మావయ్య