బెంగళూరుకు బయల్దేరే ముందు ఇది చదువు

నాయనా, నీ బామ్మర్దికి కామెర్లు ముదిరి మాట తడబడతాందని రాస్తివి కదా, అది చూసినప్పటి నుంచి నాకు మనసు నిలవడంలే. ఐసీయూలో ఏండ్ల తరబడి నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెప్తాండా, పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, ఒకటడిగితే ఇంకోటి చెప్పడం, ఇది నీరసం కాదు, లివర్ ఫెయిలై మెదడుకు ఎక్కింది. పసరు మందుకని ఎవరన్నా లాగితే పోనీయొద్దు. అందరూ బిలిరుబిన్, అంటే కామెర్ల లెక్క, ఎంత అని అడుగుతారు, నువ్వు ఐఎన్ఆర్ అడుగు, అది రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతాందో చెప్పే పరీక్ష. అది 1.5 దాటి, మనిషి తికమకగా ఉంటే అనంతపురంలో ఇంకో రోజు చూద్దాం అనొద్దు. బెంగళూరు 200 కిలోమీటర్ల పైనే, లివర్ మార్పిడి చేసే ఆస్పత్రిలో ఐసీయూ బెడ్ ఫోన్‌లోనే ఖాయం చేసుకోని, వెంటిలేటర్ ఉండే అంబులెన్స్‌లోనే పో. దారిలో గంటగంటకూ షుగర్ చూడమను, లివర్ పోతే షుగర్ ఉన్నట్టుండి పడిపోతాది. గోల చేస్తాండాడని ఊరికే నిద్ర ఇంజక్షన్ వేయనీయొద్దు, మగతకు కారణం మందా జబ్బా అని తెలీకుండా పోతాది.

ఇంకోటి, నీ బామ్మర్దిని ఒంటరిగా, తిట్టకుండా అడుగు, ఎలుకల పేస్ట్ ఏమన్నా తిన్నాడా అని. అందులో పసుపు భాస్వరం ఉంటే మొదట వాంతులై, తర్వాత రెండు మూడు రోజులు బాగున్నట్టే ఉంటాడు, ఇంట్లోవాళ్లు డిశ్చార్జ్ చేయించుకోని పోతారు, అప్పుడు లివర్ దెబ్బతింటాది. పరువని దాచొద్దు. పారాసిటమాల్, టీబీ మాత్రలు, నాటు మందు, ఏది వాడినా డాక్టర్‌కు చెప్పండి, వైద్యం దాన్నిబట్టే మారుతాది.

అక్కడ మార్స్ అనో, అంటే లివర్ బదులు రక్తాన్ని శుద్ధి చేసే మిషన్, ప్లాస్మా ఎక్స్చేంజ్ అనో, అంటే రక్తంలోని ప్లాస్మా ద్రవం తీసి వేరేవాళ్లది ఎక్కించడం, చెప్తారు. కిడ్నీ డయాలసిస్ మాదిరి దాంతోనే ఏండ్లు బతుకుతాడని అనుకోవద్దు. మార్స్ రక్తంలో విషాన్ని కొంత తీస్తాది గానీ రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారుచేయలేదు. ప్లాస్మా మార్పిడితో కొందరు ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు, 2016లో వచ్చిన ఒక పెద్ద స్టడీ కూడా అదే చూపించింది. తక్కినోళ్లకు లివర్ మార్పిడే దారి, ఆ లోపల టైం దొరకడానికే ఈ మిషన్లు.

అందుకే లివర్‌లో కొంత ముక్క ఇచ్చే దాత సంగతి ఇప్పుడే మొదలుపెట్టు. నువ్విస్తానంటివి, నీ మనసు నాకు తెలుసు, కానీ 1994 అవయవ మార్పిడి చట్టంలో బావ దగ్గరి బంధువు కిందికి రాడు, దానికని ఉండే అనుమతి కమిటీ పర్మిషన్ కావాల. నీ భార్య తోడబుట్టింది కాబట్టి వస్తాది, వాళ్ల అమ్మానాన్నలూ వస్తారు. రక్తం గ్రూపు కలవాల, కొవ్వు లివర్ ఉంటే వద్దంటారు, అందుకే ఇద్దరు ముగ్గురిని తీసుకోనిపో. ఇచ్చినోళ్లకు లివర్ కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతాది, అయినా పెద్ద ఆపరేషనే, నీ భార్యను ఎవరూ బలవంతపెట్టకుండా నువ్వే చూసుకో. అందరి ఆధార్, రేషన్ కార్డు, బంధుత్వం చూపే కాగితాలు ఒక సంచిలో పెట్టుకో, గ్రూపులు ఈ పొద్దే చూపించు.