‘నవ్వండి’ అనడం మానేశాను

ప్రశ్న: మేడం, ఏడాదిగా ఇళ్లకు వెళ్లి ఫోటోలు తీస్తున్నాను. పోయిన నెల షష్టిపూర్తి చేసుకున్న ఒక జంటకు తీశాను. అప్పటిదాకా కబుర్లాడుకున్నవాళ్లు కెమెరా ఎత్తగానే బిగుసుకుపోయారు. ఫోటో చూసి ఆవిడ ‘రేషన్ కార్డుకు తీసినట్టుంది నాయనా’ అన్నారు. నా పొరపాటు ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: తమ్ముడూ, ఆ మాట నేనూ పడ్డాను. మైలాపూరులో ఒక పెద్దావిడను గంటసేపు కూర్చోబెట్టి ‘కొంజం సిరింగమ్మా’ (కొంచెం నవ్వండమ్మా) అని తమిళంలో అంటూనే ఉన్నాను. పెదాలు నవ్వాయి, కళ్లు నవ్వలేదు. ఇంతలో ఆవిడ లోపలున్న మనవరాలికి ‘పాలు పొంగుతాయి చూడవే’ అని తెలుగులో కేకేసింది. ఆ క్షణం ముఖమే వేరు! మనవాళ్లకు ఇక్కడ వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. గంటసేపూ నేను తీసింది ఆవిడ వీధి ముఖాన్ని. తెలుగులో పలకరిస్తే ‘మా తెలుగు వింటే మీకు నగువస్తుంది’ అని వెనకాడింది. ‘మా అవ్వా ఇట్లే మాట్లాడతా ఉండె’ అన్నాను. ఇక పుట్టింటి కబుర్లు ఆగలేదు. ఆ రోజు పనికొచ్చిన నాలుగు ఫోటోలూ అప్పటివే.

నవ్వమంటే పెదాలే కదులుతాయి. కళ్ల చుట్టూ ఉండే కండరం అడిగితే కదలదని డుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లోనే రాశాడు. అందుకే ఏదైనా పని చెప్పు. మీ జంటలో ఆవిడతో ఆయన ఉత్తరీయం సర్దమను. సర్దేటప్పుడు తొందరపడకు. అయ్యాక ఒక అడుగు వెనక్కి వేసి ఎలా ఉందో చూసుకుంటుంది, అప్పుడు నొక్కు. ఆయనకూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న బాధ ఉండదు.

కెమెరా వెనక దాక్కోకు. స్టాండు మీద పెట్టి, పక్కన కూర్చుని మాట్లాడుతూ రిమోట్‌తో తీయి. 85 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే రెండు మీటర్ల దూరం చాలు. వెడల్పు లెన్స్‌తో ముఖం దగ్గరికి వెళితే ముక్కు పెద్దదవుతుంది, మనిషికీ ఇబ్బంది.

ఉత్తరపు కిటికీ వెలుగు ఎప్పుడూ మెత్తగా ఉంటుందన్న మాట చెన్నైలో చలికాలానికే సరిపోతుంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండ ఆ కిటికీలోంచే దూరుతుంది. కళ్లలో ఎండ పడ్డ మనిషి ముఖం చిట్లించకుండా ఎలా ఉంటాడు? నేను కిటికీకి తెల్ల పంచె కట్టేస్తాను. జుట్టు చెదురుతుందని ఫ్యాన్ మాత్రం ఆపకు, మన ఉక్కపోతలో అది పెద్ద తప్పు.

ప్రశ్న: సంబంధాల కోసం ఫోటో తీయించుకున్నాను. అద్దంలో బాగానే ఉంటాను, ఫోటోలో ముఖం ఒక పక్కకు పోయినట్టుంది. అమ్మ మాత్రం బాగుందంటోంది.
— ఒక పాఠకురాలు, అంబత్తూరు, చెన్నై

జవాబు: అమ్మ చెప్పింది నిజం తల్లీ. అద్దం కుడిఎడమలు మార్చి చూపిస్తుంది, నువ్వు రోజూ చూసుకునేది ఆ ముఖాన్ని. 1977లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో తమ ఫోటోల్లో అద్దపు రూపమే బాగుందని ఎక్కువమంది అన్నారు, వాళ్ల స్నేహితులేమో మామూలు ఫోటోనే మెచ్చారు. నిన్ను చూడబోయేవాళ్లూ అమ్మ చూసినట్టే చూస్తారు కనుక, పంపాల్సిన ఫోటోను ఆమెనే ఎంచమను.