ముందు తడి కేజ్‌ని గుర్తుపట్టడం నేర్చుకో

చిరంజీవి అమ్మడికి,

అత్తయ్య ఆశీస్సులు. సీటు వచ్చిందని నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచీ నాకు ఒకటే సంబరం. పేగుల్లోని సూక్ష్మజీవులకీ టైప్-1 మధుమేహానికీ సంబంధం ఏమిటో చూసే ల్యాబ్ అన్నావు. నేను ఇరవై ఆరేళ్లు పనిచేసింది అలాంటి ల్యాబ్‌లోనే. చేరేలోపు ఏమేం చదవాలో రాసి పంపమన్నావు. పేపర్ల చిట్టా మీ ప్రొఫెసర్‌గారు ఎలాగూ ఇస్తారు, అవి చదువు. నేను చెప్పేది వేరే సంగతి. మొదటి మూడు నెలలు నీ సొంత ప్రయోగం మొదలుపెట్టేయాలని ఆరాటపడకు. ఆ ల్యాబ్‌లో ఉన్న ప్రతి ఒక్కరి పక్కనా కొన్ని రోజులు నిలబడి, వాళ్ల పని ఎలా సాగుతుందో దగ్గరుండి చూడు.

ఎందుకో చెప్తాను. టైప్-1లో జబ్బుల నుంచి మనల్ని కాపాడాల్సిన టీ-కణాలే క్లోమంలోని బీటా కణాల మీద పడి వాటిని చంపేస్తాయి. ఇన్సులిన్ తయారుచేసే కణాలు క్రమంగా అయిపోతాయి. పేగులోని బ్యాక్టీరియా ఆ దాడిని ఎగదోస్తోందా, అడ్డుకుంటోందా అన్నది మీ ప్రశ్న. దీనికి ఎలుకల్ని పెంచేవాళ్లు కావాలి, బ్యాక్టీరియాని పెంచేవాళ్లు కావాలి, టీ-కణాలు లెక్కపెట్టేవాళ్లు, డీఎన్ఏ డేటా చూసేవాళ్లు, జబ్బు వచ్చే ప్రమాదమున్న పిల్లల ఇళ్లతో మాట్లాడేవాళ్లు కావాలి. వీళ్లలో ఒకరి దగ్గర జరిగిన చిన్న మార్పు ఇంకొకరి కంప్యూటర్ తెర మీద గొప్ప ఫలితంలా కనిపిస్తుంది. మా ల్యాబ్‌లో మేం మోసపోయిన ప్రతిసారీ అలాగే మోసపోయాం.

మొట్టమొదట ఎలుకల గదికి వెళ్లు. మీ దగ్గర ఉండేవి నాడ్ ఎలుకలే అయ్యుంటాయి, అంటే వాటంతట వాటికే ఇలాంటి మధుమేహం వచ్చే వంశం. ఆ వంశం ఎలా దొరికిందో తెలుసా? జపాన్‌లో కంటిశుక్లాలు వచ్చే ఎలుకల వంశం కోసం పనిచేస్తున్నవాళ్లకి, విపరీతంగా మూత్రం పోస్తూ చిక్కిపోతున్న ఒక ఆడ ఎలుక కంటపడింది. అక్కడి నుంచి పుట్టుకొచ్చిన వంశమే ఇది. మాకినో బృందం 1980లో దీని గురించి పేపర్ వేసింది. కేజ్‌ని రోజూ చూసే కళ్లు లేకపోతే ఆ ఎలుక అలాగే చచ్చిపోయేది, మనకి ఈ శాస్త్రంలో సగం ఉండేది కాదు.

ఇప్పటికీ జబ్బు కబురు అలాగే వస్తుంది. మనం వారం వారం స్ట్రిప్‌తో మూత్రంలో షుగర్ చూస్తాం. రంగు మారితే తోక కొస నుంచి చుక్క రక్తం తీసి మీటర్‌లో పెడతాం. వరసగా రెండుసార్లు 250 దాటితే షుగర్ వచ్చిందని రాసుకుంటాం. ఎలుకల్ని చూసుకునే ఆయనకి మాత్రం ఇదంతా కాకముందే తెలిసిపోతుంది. ఆయన కేజ్‌ని బయటికి లాగి, కాస్త ఒంచి, అడుగున పరిచిన పొట్టు చూస్తారు. మామూలు కేజ్‌లో పొట్టు గలగలా జరుగుతుంది. షుగర్ వచ్చిన ఎలుక ఉన్న కేజ్‌లో ఒక మూల తడిసి ముద్దై, అడుక్కి అంటుకుపోయి ఉంటుంది. నీళ్ల సీసా కూడా పక్క కేజ్‌ల కన్నా ముందే ఖాళీ అవుతుంది. ఆ తడి కేజ్‌ని గుర్తుపట్టడం ఆయన దగ్గర నేర్చుకో. ఆయన్ని పేరు పెట్టి పిలవకు, 'అన్నా' అనో 'బాబాయ్' అనో వయసుని బట్టి పిలువు. ఆయన చెప్పిన ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకో.

ఆడ నాడ్ ఎలుకల్లో 30 వారాలు వచ్చేసరికి చాలా చోట్ల 60 నుంచి 80 శాతం జబ్బు పడతాయి. మగవాటిలో బాగా తక్కువ. కానీ ఈ లెక్క గది గదికీ మారిపోతుంది. గది ఎంత శుభ్రంగా ఉంటే జబ్బు అంత ఎక్కువ వస్తుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఎప్పటి నుంచో తెలుసు. 2008లో వచ్చిన ఒక ప్రయోగం చూడు. మైడీ88 అనే జన్యువు తీసేసిన నాడ్ ఎలుకలకి పేగులో బ్యాక్టీరియా ఉన్నంతకాలం జబ్బు రాలేదు. అవే ఎలుకల్ని ఏ సూక్ష్మజీవీ తగలకుండా పెంచితే వచ్చింది. 2013లో మగ ఎలుకల పేగు బ్యాక్టీరియాని చిన్న వయసు ఆడ ఎలుకలకి ఎక్కిస్తే వాటిలో టెస్టోస్టిరాన్ పెరిగింది, జబ్బు తగ్గింది. 2014లోనైతే తాగే నీళ్లలో ఆమ్లం కలిపారా లేదా అన్నదాన్ని బట్టే జబ్బు రేటు మారుతుందని చూపించారు. ఇప్పుడు చెప్పు, మీ ఎలుకల నీళ్ల సీసాలు నింపేది ఎవరు? ఆ నీళ్లలో ఏం కలుపుతారు? చేరిన మొదటి వారంలోనే అడిగి తెలుసుకో.

నేను అడగలేదు, అందుకే ఈ సంగతి చెప్తున్నాను. చేరిన రెండో ఏడాది ఒక బ్యాక్టీరియాని పాలు మాన్పించిన ఆడ ఎలుకలకి నోటి ద్వారా ఇచ్చాను. ఇచ్చినవాటికి జబ్బు చాలా ఆలస్యంగా వచ్చింది. గ్రాఫ్‌లో రెండు గీతలూ చక్కగా విడిపోయాయి. ఎనిమిది నెలల పని, పేపర్ రాయడం కూడా మొదలుపెట్టాం. ఒకరోజు కేజ్‌లు మారుస్తూ అక్కడి పెద్దాయన అన్నారు: "అమ్మా, మీరు మందు పోసిన రెండు కేజ్‌ల పిల్లలూ ఇక్కడ పుట్టినవే, ఒక్క తల్లివే. మిగతావి బయటి నుంచి తెప్పించినవి. అన్నీ కలిపి లెక్క వేస్తారా?" కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్ని రెండు గుంపులుగా విడదీసి మళ్లీ మొదటి నుంచీ చేశాం. తేడా కనిపించలేదు. తల్లి నుంచి వచ్చిన పేగు బ్యాక్టీరియా చేసిన పనిని నేను ఇచ్చిన బ్యాక్టీరియా ఖాతాలో వేశాను. ఆ ఎనిమిది నెలలూ ఆయన రోజూ నా పక్కనే ఉన్నారు, నేను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇంకోటి గుర్తుంచుకో. ఎలుకలు ఒకదాని పెంటికలు ఒకటి తింటాయి. ఒక కేజ్‌లో ఐదు ఉంటే కొన్నాళ్లకి ఐదింటి పేగులూ దాదాపు ఒకేలా తయారవుతాయి. బ్యాక్టీరియా లెక్కకి వస్తే అది ఐదు ఎలుకల ఫలితం కింద రాదు, ఒక కేజ్ ఫలితం కింద వస్తుంది. ప్రయోగం మొదలుపెట్టకముందే మీ ల్యాబ్‌లో లెక్కలు చూసేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఎన్ని కేజ్‌లు కావాలో అడుగు. అంతా అయ్యాక డేటా పట్టుకెళ్తే వాళ్లు మాత్రం ఏం చేయగలరు?

తర్వాత ఆక్సిజన్ లేని చాంబర్ దగ్గర కూర్చో. పేగులో బతికే బ్యాక్టీరియాలో చాలావాటికి గాలి విషం. ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ లాంటిదైతే గాలి తగిలిన కొన్ని నిమిషాలకే చచ్చిపోతుంది. చాంబర్‌లో నైట్రోజన్‌తో పాటు కొంచెం హైడ్రోజన్ ఉంచుతారు. పల్లాడియం ఉత్ప్రేరకం మీద ఆ హైడ్రోజన్, లోపలికి చొరబడ్డ ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారిపోతుంది. అందుకే ఆ ఉత్ప్రేరకం చెమ్మగిల్లుతుంది, తీసి ఓవెన్‌లో ఆరబెడుతూ ఉండాలి. ఆ డ్యూటీ ఎవరిదో గోడ మీద కాగితంలో ఉంటుంది. నీ పేరు ఉన్న వారం ఎట్టి పరిస్థితిలోనూ మరిచిపోకు. నువ్వు ఒక్క వారం మర్చిపోతే ఇంకొకరి రెండు నెలల కల్చర్ పోతుంది. మీడియాలో, అంటే బ్యాక్టీరియాని పెంచే పోషక ద్రవంలో, కలిపే రెజజురిన్ రంగుని నమ్ముకో. సీసా రంగు లేకుండా ఉంటే ఆక్సిజన్ లేదని అర్థం, లేత గులాబీ కనిపించిందంటే గాలి చేరింది. "కొంచెమే కదా" అని ఆ సీసా వాడేయకు. ప్లేట్లు ముందు రోజే లోపల పెట్టాలి. మందపాటి గ్లోవ్స్‌లో చేతులు దూర్చి చిన్న ట్యూబ్ మూత తిప్పడం మొదట్లో చేతకాదు, చెమటలు పడతాయి, ఏడుపొస్తుంది. రెండు వారాల్లో అలవాటైపోతుంది.

డీఎన్ఏ తీసేటప్పుడు ఏ శాంపిలూ వేయని ఖాళీ ట్యూబ్‌ని కూడా మొదటి నుంచి చివరిదాకా నడిపించు. డీఎన్ఏ తీసే కిట్‌లలోనే బ్యాక్టీరియా డీఎన్ఏ ఉంటుందని 2014లో ఒక పేపర్ గట్టిగా చూపించింది. మలంలో బ్యాక్టీరియా దండిగా ఉంటుంది కాబట్టి అంత ప్రమాదం లేదు. కానీ మీవాళ్లు ఏదో ఒక రోజు క్లోమంలో బ్యాక్టీరియా వెతుకుదాం అంటారు. అప్పుడు ఆ ఖాళీ ట్యూబే నిన్ను కాపాడుతుంది. కిట్ బ్యాచ్ నంబర్ రాసుకోవడం కూడా మర్చిపోకు.

క్లోమం నుంచి లాంగర్‌హాన్స్ పుటికల్ని, అంటే బీటా కణాలుండే చిన్న చిన్న గుంపుల్ని, ఏరడం గురించి ఎక్కువ చెప్పను, చేతితో చేస్తేనే వస్తుంది. జబ్బు ముదిరిన ఎలుకలో గంటసేపు వెతికినా నాలుగైదు కూడా దొరక్కపోవచ్చు. దొరకలేదని నిన్ను నువ్వు తిట్టుకోకు. అక్కడ అవి మిగల్లేదు, అంతే.

ఇక పిల్లల శాంపిల్స్. వాటిని తెప్పించే నర్సుగారి పక్కన కూర్చోకుండా ఒక్క ట్యూబ్ కూడా తెరవకు. టైప్-1 వచ్చే ప్రమాదమున్న పిల్లల్ని చిన్నప్పటి నుంచీ గమనించే టెడ్డీ అధ్యయనంలో అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీ పిల్లల మలం శాంపిల్స్ పది వేలకు పైగా సేకరించి చూశారు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. అన్ని వేల శాంపిల్స్‌లోనూ ఈ బ్యాక్టీరియా వల్లే జబ్బు అని చెప్పగలిగింది ఏదీ దొరకలేదు, చిన్న చిన్న తేడాలే కనిపించాయి. ఆ సంఖ్య వెనక ఎంతమంది అమ్మలు, నాన్నలు నెల నెలా ఇంట్లో ఆ చిన్న ట్యూబ్ నింపి ఉంటారో ఆలోచించు. మా దగ్గరికి వచ్చిన ఒక ట్యూబ్ లేబుల్ మీద తేదీ, టైమ్ రాసి, కింద చిన్న అక్షరాలతో "రెండు రోజులుగా యాంటీబయాటిక్ సిరప్ వేస్తున్నాం" అని ఒక అమ్మ రాసింది. ఆ గడి మా ఫారంలో లేదు. ఆవిడ అంతట ఆవిడే రాసింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ శాంపిల్‌లో తగ్గిపోయిన బ్యాక్టీరియాని మేం జబ్బుకి ముడిపెట్టేవాళ్లం. ఆ తర్వాత ఫారంలో ఆ గడి చేర్చాం.

ఎప్పుడైనా ఆ కుటుంబాలతో మాట్లాడాల్సి వస్తే చాలా జాగ్రత్తగా మాట్లాడు. రెండో అంతకన్నా ఎక్కువో రకాల ఆటోయాంటీబాడీలు (ఒంట్లోని సొంత కణాలకే ఎదురుతిరిగే యాంటీబాడీలు) రక్తంలో కనిపించిన పిల్లల్లో పదేళ్లలో దాదాపు 70 శాతం మందికి జబ్బు బయటపడుతుందని 2013లో తేలింది. ఆ కబురు విన్న తల్లి నిన్ను అడిగే మొదటి మాట "నేనేమైనా తప్పు తినిపించానా?" అనే ఉంటుంది. లేదని స్పష్టంగా చెప్పు, ఎందుకంటే ఆవిడ తినిపించినదాని వల్లే ఇలా అయిందనడానికి ఆధారమేదీ లేదు. ఫలానా ప్రోబయాటిక్ వాడండనో, ఫలానాది మానేయండనో నీ నోటి నుంచి రాకూడదు. 2021లో వచ్చిన ఒక అధ్యయనం చూడు. కొత్తగా టైప్-1 వచ్చినవాళ్లలో కొందరికి ఆరోగ్యవంతుల మలం ఎక్కించారు, పోల్చి చూడటానికి మిగతావాళ్లకి వాళ్ల సొంతదే తిరిగి ఎక్కించారు. ఏడాది తర్వాత ఇన్సులిన్ తయారీ ఎక్కువ నిలిచింది సొంతది తీసుకున్నవాళ్లలోనే. చేసినవాళ్లు ఊహించిందానికి సరిగ్గా తిరగబడింది. మనకి తెలిసింది ఇంకా ఇంతే అన్నప్పుడు ఒక తల్లికి ఏం తినిపించాలో ఎలా చెప్తాం?

సోమవారం చేరగానే ఎలుకల గదికి ఎప్పుడు రావచ్చో అడుగు. ఆ రోజు సెంటు రాసుకోవద్దు, వాసనకి ఎలుకలు బెదురుతాయి. తల స్నానం చేసి జుట్టు గట్టిగా ముడేసుకో, టోపీ కింద వదులు జుట్టు నిలవదు. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి ఆ గదికి మాత్రమే పెట్టుకో, బయటికి తేకు. నీ మొదటి తడి కేజ్ దొరికిన రోజు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా ఎత్తుతాను.

నీ
అత్తయ్య