బోల్టుల ఉద్గారాల లెక్కకు వైర్ రాడ్ మిల్లు వివరాలే కీలకం

నమస్కారమండీ. జడ్చర్ల యూనిట్ నుంచి జర్మనీకి వెళ్లే బోల్టులకు కొనుగోలుదారు సీబామ్ (దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కార్బన్ ఉద్గారాలపై ఐరోపా సమాఖ్య వేసే రుసుము, CBAM) వివరాలు అడిగితే కరెంటు బిల్లులు పంపామని, అవి పనికిరావన్నారని రాశారు. వారన్నది సబబే. 2026 జనవరి 1న మొదలైన అసలు దశలో ఉక్కు వస్తువులకు ప్రత్యక్ష ఉద్గారాలే (తయారీలో నేరుగా వెలువడేవే, వాడిన కరెంటు తాలూకువి కావు) లెక్కకు వస్తాయి. పైగా కస్టమ్స్ కోడ్ 7318 శీర్షిక కింద వచ్చే బోల్టుల్లో ఉద్గారాల భారం దాదాపుగా ముడిసరుకైన వైర్ రాడ్‌దే (చుట్టలుగా వచ్చే ఉక్కు కడ్డీదే).

కాబట్టి డీలరును పట్టుకుని వేలాడకుండా, టెస్ట్ సర్టిఫికెట్ మీదున్న హీట్ నంబరు (ఉక్కు ఏ విడతలో కరిగించారో చెప్పే సంఖ్య) ఆధారంగా సరుకు ఏ మిల్లుదో తేల్చుకుని, టన్నుకు ఎంత ఉద్గారమో, ఉక్కు బ్లాస్ట్ ఫర్నేస్‌లో తయారైందా, ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లోనా అన్నది ఆ మిల్లు నుంచే లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. గుర్తింపు పొందిన వెరిఫయర్ ధ్రువీకరించిన అంకెలు లేకపోతే దిగుమతిదారు డిఫాల్ట్ విలువలు (ఐరోపా సమాఖ్య ముందే ఖరారు చేసిన అంకెలు) వాడాల్సి వస్తుంది; వాటిపై అదనపు వడ్డింపు కూడా ఉంటుంది.

తరుగును మరవకండి. ఉదాహరణకు 100 టన్నుల బోల్టులకు 108 టన్నుల రాడ్ పట్టి, రాడ్ టన్నుకు 2 టన్నుల ఉద్గారం ఉంటే, బోల్టు టన్నుకు రాడ్ వాటాగా 2.16 టన్నులు వేయాలి. స్క్రాప్ పేరిట ఏమీ తీసేయకూడదు. రెండు మిల్లుల సరుకు కలిపి వాడితే వాడిన బరువులను బట్టి సగటు కట్టండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు, ఆ దిగుమతిదారు ఏటా తెప్పించే సీబామ్ సరుకు మొత్తం 50 టన్నులు దాటుతుందో లేదో అడగండి; దాటకపోతే వారికి మినహాయింపు ఉంది.