రంగు మీద రంగు: ఆర్ట్ జర్నల్ సందేహాలు

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒక్క పని గురించే: ఆర్ట్ జర్నల్‌లో (రంగులు, బొమ్మలు, రాతలతో నింపుకునే పుస్తకంలో) ఎదురెదురు పేజీలు రెండింటినీ కలిపి ఒకే స్ప్రెడ్‌గా చేస్తూ రంగు మీద రంగు వేయడం. యాక్రిలిక్, కాగితం ముక్కలు, సిరా, పెన్ను అన్నీ ఒకే చోట చేరతాయి కాబట్టి ఇందులో తప్పు మొదటి పొరలో జరిగి అయిదో పొరలో బయటపడుతుంది. జవాబులు ఆ దృష్టితో చదవండి.

ప్రశ్న: గులాబీ, ఆకుపచ్చ, నీలం, నారింజ వాడుతున్నాను. విడివిడిగా అన్నీ బాగుంటాయి. మూడో రంగు వేసేసరికి పేజీ మొత్తం బురదలా తయారవుతోంది. ఖరీదైన రంగులు కొంటే ఈ బాధ తప్పుతుందా?

తప్పదు. ఎంత మంచి రంగు కొన్నా తడి మీద తడి వేస్తే ఇదే జరుగుతుంది. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండేవి తడిగా కలిస్తే ఒకదాని మెరుపును ఇంకొకటి చంపేసి గోధుమ రంగో బూడిద రంగో మిగులుస్తాయి. మీ నాలుగింటిలో నీలం, నారింజ ఒక ఎదురు జత; గులాబీ, ఆకుపచ్చ దాదాపు ఇంకో ఎదురు జత. అంటే బురదకు కావాల్సిన సరంజామా అంతా ముందే సిద్ధంగా ఉందన్నమాట.

మొదటి పొరలో పక్కపక్క రంగులనే వాడండి. పసుపు, నారింజ, గులాబీ తడిలో ఎలా కలిసిపోయినా చెడవు. అరచేతికి కాస్త పెద్దవైన రెండు పేజీలకు ఒక్కో రంగు శనగగింజంత తీసుకుని అక్కడక్కడా పెట్టి, పాత ప్లాస్టిక్ కార్డుతో గీకుతూ పరచండి. మూడో వంతు కాగితం తెల్లగానే వదిలేయండి. ఆ తెలుపు తర్వాత అక్కరకొస్తుంది.

ఇక్కడే ఆగాలి. పలచని పొర ఆరడానికి 15 నుంచి 20 నిమిషాలు చాలు, గాలిలో తేమ ఉంటే ఇంకాస్త పడుతుంది. చూస్తే ఆరినట్టే ఉంటుంది, నమ్మకండి. వేలి వెనకవైపు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల నీళ్లు ఇంకా ఆవిరవుతున్నట్టే. పక్కనున్న మామూలు కాగితం ఎంత వెచ్చగా ఉందో ఇదీ అంతే ఉంటే ఆరినట్టు. యాక్రిలిక్ ఒకసారి బాగా ఆరాక నీళ్లకు కరగదు. వాటర్ కలర్, గ్వాష్ (వాటర్ కలర్ లాంటిదే, కింది రంగును మూసేసే రకం) అలా కావు, మళ్లీ తడి తగలగానే లేచి వస్తాయి. అందుకే పొరల పనికి అడుగున యాక్రిలిక్ అయితే నిశ్చింత.

రెండో పొర పారదర్శకంగా ఉండాలి. 1 వంతు రంగుకు 8 నుంచి 10 వంతుల గ్లేజింగ్ మీడియం (రంగు లేని యాక్రిలిక్ ద్రవం) కలపండి. ఒట్టి నీళ్లతో పలచన చేస్తే ఆరిన యాక్రిలిక్ మీద అది నిలవక చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఇప్పుడు టర్కాయిస్ తీసుకుని పేజీకి అడ్డంగా ఒక వెడల్పాటి పట్టీలా వేసి చూడండి. పసుపు మీద పడ్డచోట ఆకుపచ్చ, గులాబీ మీద ఊదా, వదిలేసిన తెలుపు మీద టర్కాయిస్‌గానే కనిపిస్తుంది. ఒక్క రంగుతో మూడు వచ్చాయి. నారింజ మీద మాత్రం గోధుమ రంగుకు తిరుగుతుంది, కాబట్టి అక్కడికి రాకముందే బ్రష్ ఎత్తేయండి. లేదా అక్కడ కావాలనే ఒక మట్టి మచ్చ ఉంచుకోండి, అంతా మెరిసే పేజీలో అదీ ఒక అందమే.

ఏ రంగు పారదర్శకమో ట్యూబు మీదే ఉంటుంది. చిన్న చదరం గుర్తు ఖాళీగా ఉంటే పారదర్శకం, సగం నిండితే మధ్యరకం, పూర్తిగా నిండితే కింది పొరను మూసేస్తుంది. చాలా ట్యూబుల మీద వర్ణకం (రంగునిచ్చే పొడి, పిగ్మెంట్) కోడ్ కూడా వేస్తారు: పీబీ 15 థాలో నీలం, పీఆర్ 122 క్వినాక్రిడోన్ మజెంటా, పీడబ్ల్యూ 6 టైటానియం తెలుపు. ఒక్క కోడే ఉన్న ట్యూబు ఎంచుకోండి. మూడు కోడ్‌లున్న రంగంటే అప్పటికే మూడు కలిసి ఉన్నట్టు, మీరు ఇంకొకటి కలపగానే బురదకు ఒక అడుగే దూరం. పీడబ్ల్యూ 6 కలిసిన లేత రంగులు గ్లేజ్‌కు, అంటే ఇలాంటి పారదర్శక పొరకు, పనికిరావు, పాలు పోసినట్టు మసకబారుస్తాయి. వాటిని పై పొరల్లో స్టెన్సిల్ ఆకారాలకు దాచుకోండి.

ప్రశ్న: మామూలు స్కెచ్ బుక్ వాడుతున్నాను. రంగు వేయగానే పేజీ వంకర తిరుగుతోంది. మధ్య కుట్టులోంచి రంగు అవతలి పేజీలకు దిగుతోంది.

తడిసిన వైపు కాగితం పీచు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు రంగు పొరతో పాటు ముడుచుకుంటుంది. రెండో వైపు అలా లాగేది ఏదీ లేక పేజీ ఒంగుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం దీన్ని తట్టుకుంటుంది, 200 ఉన్నా నెట్టుకురావచ్చు. 100, 120 మాత్రమే ఉంటే రెండేసి ఆకులు అతికించుకోండి. మ్యాట్ మీడియం (మెరుపు లేకుండా ఆరే యాక్రిలిక్ మీడియం, జిగురులా కూడా పనికొస్తుంది) పలచగా అంచుల దాకా పూసి, కార్డుతో లోపలి నుంచి బయటికి గాలి తోసేసి, రెండు వైపులా బటర్ పేపర్ పెట్టి, బరువు కింద రాత్రంతా ఉంచండి.

ఇలా అతికించుకుంటూ పోతే పుస్తకం లావెక్కి నోరు తెరుస్తుంది కాబట్టి అక్కడక్కడా ఒక ఆకు కత్తిరించేయాలి. మొదలంటా కోయకండి. కుట్టు పుస్తకంలో ప్రతి ఆకుకూ మడతకు అవతల ఒక జంట ఆకు ఉంటుంది. కుట్టు దగ్గర 1 సెంటీమీటరు తోక వదలకపోతే ఆ జంట ఆకు ఊడి చేతికొస్తుంది.

తర్వాత జెస్సో. ఇందులో ఉండేది సుద్దలాంటి పొడి, తెల్ల వర్ణకం, యాక్రిలిక్ జిగురు. రంగుకు పట్టు ఇస్తుంది, నీళ్లను కాగితంలోకి అంతగా దిగనివ్వదు. పలచగా ఒక పూత అడ్డంగా, అది ఆరాక ఇంకో పూత నిలువుగా వేయండి. ఒంగిన పేజీకి వెనకవైపు కూడా ఒక పూత వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

దారం బయటికి కనిపించే పేజీల్లోనే సూది రంధ్రాల్లోంచి రంగు దిగుతుంది. జెస్సోకు ముందే 2 సెంటీమీటర్ల వెడల్పు టిష్యూ పేపర్ పట్టీని మ్యాట్ మీడియంతో మడత పొడవునా అతికించండి, పుస్తకాన్ని పూర్తిగా తెరిచే ఆరనివ్వండి. మోడలింగ్ పేస్ట్ లాంటి దళసరి పదార్థాలు మడతకు రెండు వైపులా 1 సెంటీమీటరు లోపు రాకూడదు. పుస్తకం మూసి తెరిచేకొద్దీ అక్కడే పగులుతుంది.

ప్రశ్న: కొలాజ్ కాగితాలు అతికిస్తే బుడగలు వస్తున్నాయి. ప్రింటర్‌లో తీసిన బొమ్మలైతే రంగు కారిపోతోంది.

జిగురు కింద మాత్రమే పూస్తున్నట్టున్నారు. కింద పూసి, కాగితం పరిచి, కార్డుతో మధ్య నుంచి అంచులకు నొక్కి, వెంటనే పైన కూడా మ్యాట్ మీడియం పూయండి. రెండు వైపులా తడి సమంగా ఉంటే కాగితం సమంగా సాగుతుంది. దళసరి కాగితమైతే ముందుగా వెనకవైపు మీడియం పూసి ఒక నిమిషం నాననివ్వండి, సాగాల్సింది అప్పుడే సాగిపోతుంది. పలచని తెల్ల టిష్యూ మీడియంలో తడిసి దాదాపు కనిపించకుండా పోతుంది. అక్షరాలో గీతలో ఉన్న టిష్యూ అతికిస్తే గీతలు మాత్రమే కింది రంగుల మీద తేలతాయి.

కారిపోయేది ఇంక్‌జెట్ ప్రింటు, ఆ సిరాలు చాలావరకు నీళ్లలో కరిగే రకం. లేజర్ ప్రింటు లేదా జిరాక్స్ తీసుకోండి. ఆ టోనరు వేడికి కరిగి కాగితానికి అతుక్కునే ప్లాస్టిక్ పొడి, తడికి కదలదు.

ప్రశ్న: స్ప్రెడ్ పూర్తయి, రెండు రోజులు ఆరాకే పుస్తకం మూశాను. తర్వాత తెరిస్తే రెండు పేజీలు అతుక్కుని, ఒకదాని రంగు ఇంకొకదానికి ఊడి వచ్చింది.

మీ తప్పేమీ లేదు, యాక్రిలిక్ స్వభావమే అంత. ఆరిన పొర కూడా గది వేడిమికి కాస్త మెత్తగానే ఉంటుంది. అలాంటి రెండు ముఖాలు ఒత్తిడిలో ఒకదానికొకటి తగిలితే అతుక్కుంటాయి. మెరుపుతో ఆరే (గ్లాసీ) మీడియం వాడిన పేజీల్లో ఇది ఇంకా ఎక్కువ. చివరి పూత ఎప్పుడూ మ్యాట్‌దే వేయండి. లోపలిదాకా గట్టిపడటానికి రెండు రోజులు చాలవు, పొర దళసరిని బట్టి వారాలు కూడా పడుతుంది. అప్పటిదాకా మధ్యలో బటర్ పేపర్ ఉండాల్సిందే. ఆ తర్వాత కోల్డ్ వ్యాక్స్‌ను (మెత్తటి మైనం ముద్దను) గుడ్డతో పట్టీపట్టనట్టు రుద్ది, ఆరాక మెత్తటి గుడ్డతో తుడవండి. మైనం మీద పెన్ను రాయదు, రంగు నిలవదు; రాతలన్నీ అయ్యాకే దాని జోలికి వెళ్లండి.

ఈసారి అతుక్కుంటే గుంజకండి. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడితే యాక్రిలిక్ బిగుస్తుంది. అప్పుడు అంచు నుంచి నిదానంగా విడదీయండి. చల్లగా ఉన్నప్పుడు పేజీని మడిస్తే మాత్రం పగులుతుంది.

ప్రశ్న: హీట్ గన్‌తో తొందరగా ఆరబెట్టవచ్చా?

15 సెంటీమీటర్ల దూరంలో, ఒక్కచోట నిలపకుండా కదుపుతూ అయితే వాడవచ్చు. దగ్గరికి తెస్తే పైన తోలు కట్టి, లోపలి తడి ఆవిరై బుడగలు లేస్తాయి. మోడలింగ్ పేస్ట్ మీద అసలు వద్దు. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మేలు.

ప్రశ్న: రంగుల మీద జెల్ పెన్ను ఆగి ఆగి రాస్తోంది. ఇంకో పేజీలో స్కెచ్ పెన్ను గీతలను జెస్సోతో కప్పేస్తే గులాబీ మరక పైకి వచ్చింది.

రెండింటికీ కారణాలు వేరు. జెల్ పెన్ను సిరా ఇంకడానికి సందు కావాలి, యాక్రిలిక్ పొర ప్లాస్టిక్‌లా మూసుకుపోయి ఉంటుంది. పైగా సరిగా ఆరని రంగు ముక్కలు మొనకు చుట్టుకుంటాయి. ఒక రోజు ఆగి, మ్యాట్ మీడియం పలచగా పూసి, అది ఆరాక రాయండి. పోస్కా లాంటి పెయింట్ మార్కర్లతో అయితే ఈ తంటా ఉండదు. ఆల్కహాల్ మార్కర్లు వద్దు, ఆల్కహాల్ యాక్రిలిక్‌ను మెత్తబరిచి మార్కరు మొనను పాడుచేస్తుంది.

స్కెచ్ పెన్ను సిరా ‘డై’ రకం. జెస్సోలోని తడిలో కరిగి దాంతో పాటే పైకి పాకుతుంది. ఎన్ని పూతలు వేసినా ఎంతోకొంత ఉబికి వస్తూనే ఉంటుంది. ఆ చోట ఒక కాగితం ముక్క అతికించి వదిలేయడం ఉత్తమం. ముందుచూపు కావాలంటే, అడుగు పొరల్లో ముద్రలకు, గీతలకు తడికి చెదరని పిగ్మెంట్ సిరాలే వాడండి. ఆయిల్ పాస్టెల్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు. దాని మీద వేసిన యాక్రిలిక్ పెచ్చులుగా లేచిపోతుంది, కాబట్టి అది అన్నిటికన్నా పైనే ఉండాలి.

ప్రశ్న: బురద లేదు, మరకల్లేవు, రంగులన్నీ మెరుస్తున్నాయి. అయినా స్ప్రెడ్ చప్పగా ఉంది.

ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. పేజీ అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే జబ్బు దొరికినట్టే: రంగుల్లో తేడా ఉంది, గాఢతలో లేదు. రెండు చికిత్సలు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) కలిపితే నలుపుకు దగ్గరైన లోతైన రంగు వస్తుంది. ట్యూబులోని నలుపులా పేజీకి చిల్లు పడినట్టు కనిపించదు. దాన్ని రెండు మూడు చోట్లే, అందులో ఒకటి నడిమి మడత దాటేలా వేయండి. ఇక బాగా సందడిగా ఉన్న భాగం మీద 1 వంతు టైటానియం తెలుపు, 4 వంతుల మీడియం కలిపి ముసుగులా పూసి, నిమిషం తిరగకముందే తడిగుడ్డతో అక్కడక్కడా ఒత్తి తీయండి. కింది పొరలు మంచులోంచి చూసినట్టు కనిపిస్తాయి. మీకు బాగా నచ్చిన మూల ఆ ముసుగు కిందికి పోవచ్చు. పోనివ్వండి, ఎడమ పేజీ ఎంత మాట్లాడుతోందో కుడి పేజీ కూడా అంతే మాట్లాడితే చూసేవాళ్ల కన్ను ఎక్కడా ఆగదు.

ప్రశ్న: పళ్లెంలో మిగిలిన రంగు కడిగేయాలా?

తూములో పోయకండి, యాక్రిలిక్ గొట్టంలో గట్టిపడుతుంది. బ్రష్‌లోని తడి రంగును తర్వాతి ఖాళీ పేజీకి తుడిచేయండి, దాని మొదటి పొర అక్కడే మొదలైపోతుంది. నున్నటి ప్లాస్టిక్ పళ్లెంలో మిగిలిందాన్ని ఆరనిచ్చి గోటితో లేపితే పొరలాగా ఊడొస్తుంది. ఆకారాలు కత్తిరించి జెల్ మీడియంతో కొలాజ్‌లో అతికించవచ్చు. దాచుకునేటప్పుడు వీటి మధ్య కూడా బటర్ పేపర్ పెట్టండి.